బేస్‌బాల్: జట్టు గెలుపులో మేనేజర్ వాటా ఎంత, రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) వాటా ఎంత?

తెనాలి_టు_డల్లాస్
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న ప్రశ్న ఇది. 2014లో టెక్సస్‌లోని ఇర్వింగ్ వచ్చాను. మొదటి మూడేళ్లు ఈ ఆట చూస్తే నిద్రొచ్చేది. ఇప్పుడు ఇక్కడి జట్టు రేంజర్స్ మ్యాచ్ ఉందంటే ఇంట్లో వంట కూడా ఎనిమిది లోపే అయిపోవాలి.

2023 వరల్డ్ సిరీస్ (ఏడాది చివర కప్పు కోసం జరిగే ఫైనల్) మొదటి మ్యాచ్‌కి ఆర్లింగ్టన్‌లో ఉన్నాను. 9వ ఇన్నింగ్స్, అంటే మామూలుగా చివరిది, రెండు పరుగులు వెనకబడి ఉన్నాం. కోరీ సీగర్ కొట్టాడు. నా పక్క సీట్లో డెబ్భై దాటిన పెద్దాయన, అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు, బంతి గాల్లో ఉండగానే నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అది కంచె దాటి (దీన్నే హోమ్ రన్ అంటారు) స్కోరు సమం అయ్యాక కూడా వదల్లేదు. 11వ ఇన్నింగ్స్‌లో అడోలిస్ గార్సియా హోమ్ రన్‌తో గెలిచాం.

అంతకు ముందు ఏడాది ఇదే జట్టు 68 గెలిచి 94 ఓడింది. బ్రూస్ బోచీ మేనేజర్‌గా వచ్చారు, 90 గెలుపులు, జట్టు చరిత్రలోనే మొదటి కప్పు. అంతా ఆయన చలవే అనుకున్నాను. 2024లో అదే బోచీ, 78 గెలుపులు. 2025లో సరిగ్గా 81-81, ఆయన తప్పుకున్నారు. మరి 2023లో గెలిపించింది ఎవరు? ఆయనా, లేక సీగర్‌కి 10 ఏళ్లకి 325 మిలియన్ డాలర్లు, సీమియన్‌కి 7 ఏళ్లకి 175 మిలియన్లు ఇచ్చినవాళ్లా? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న. ముందు ఒక కొలబద్ద పెట్టుకుందాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు చవగ్గా దొరికే ఆటగాళ్లతోనే జట్టంతా నింపితే సీజన్‌లోని 162 మ్యాచ్‌ల్లో సుమారు 48 గెలుస్తుందని 'వార్' (ఒక్కో ఆటగాడి వల్ల ఎన్ని గెలుపులు అదనంగా వచ్చాయో చెప్పే కొలత) లెక్క కట్టేవాళ్ల అంచనా. 90 గెలిచిన జట్టుకి మిగతా 42 ఎక్కడినుంచి వచ్చాయి? ఆటగాళ్ల బ్యాట్లూ చేతులూ. అందులో మేనేజర్ వాటా వెతికితే దొరికేది చాలా తక్కువ.

కేసీ స్టెంగెల్‌ని చూడండి. బ్రూక్లిన్, బోస్టన్ జట్లకి కలిపి తొమ్మిది సీజన్లు మేనేజర్. అందులో ఓటముల కన్నా గెలుపులు ఎక్కువున్నది ఒక్కటే, 1938లో 77-75. 1949లో న్యూయార్క్ యాంకీస్‌కి వచ్చారు, 12 ఏళ్లలో 10 లీగ్ టైటిళ్లు, 7 వరల్డ్ సిరీస్‌లు. ఆ తర్వాత కొత్తగా పుట్టిన న్యూయార్క్ మెట్స్‌కి వెళ్లారు, 1962లో 40 గెలుపులు, 120 ఓటములు. మనిషి మారలేదు, బుర్ర మారలేదు. డగౌట్‌లో (మైదానం పక్కన జట్టు కూర్చునే చోటు) ఆయన పక్కన కూర్చున్నవాళ్లు మారారు.

బుల్‌పెన్_బాబాయ్
మాస్టారూ, జో టోరీ కూడా అంతే. యాంకీస్‌కి రాకముందు మూడు జట్ల దగ్గర 894 గెలుపులు, 1003 ఓటములు. వచ్చాక 1996, 98, 99, 2000లో కప్పులు. నేను న్యూజెర్సీకి వచ్చింది ఆ రోజుల్లోనే, ఆ జట్టుని కళ్లారా చూశాను. జీటర్, రివేరా, బెర్నీ విలియమ్స్ ఉంటే ఎవరైనా గెలుస్తారు అని మీరంటారు. నేను ఒప్పుకోను. ఎందుకో తీరిగ్గా రాస్తాను, ఇప్పుడు డ్యూటీకి వెళ్లాలి.

ఓరుగల్లు_పిలగాడు
అన్నా, నాకొక డౌట్. నేను క్రికెట్ జూసి పెరిగినోన్ని, ఈడికొచ్చి రెండేండ్లే అయితుంది. మనకాడ కెప్టెన్ గ్రౌండ్ల ఉండి బౌలర్ను మారుస్తడు, ఫీల్డింగ్ పెడతడు. గీడ మేనేజర్ డగౌట్ల కూసొని జేసేది ఏంది అసలు? జీఎం అంటే ఇంకొకడా?

బేఏరియా_అక్క
తమ్ముడూ, మన కెప్టెన్ చేసే పనిలో చాలా భాగం ఇక్కడ మేనేజర్‌ది. ఎవరు ముందు బ్యాట్ చెయ్యాలి, పిచర్‌ని (మన బౌలర్ లాంటివాడు) ఎప్పుడు తియ్యాలి, ఎవరి బదులు ఎవరిని దింపాలి, అన్నీ ఆయనే. ఒక తేడా మాత్రం గుండెల్లో పెట్టుకో. క్రికెట్‌లో బౌలర్ని ఆపి గంట తర్వాత మళ్లీ బంతి ఇవ్వొచ్చు. ఇక్కడ ఒకసారి బయటికి తీస్తే ఆ మ్యాచ్‌కి అతను ఇక లేనట్టే. అందుకే ఇంత గొడవ.

జీఎం (జనరల్ మేనేజర్) వేరే. ఎవర్ని కొనాలి, ఎవర్ని ఇచ్చెయ్యాలి, ఎవర్ని మైనర్ లీగ్‌కి (కింది స్థాయి జట్లకి) పంపాలి, ఇవి ఆఫీసు నిర్ణయాలు. 40 మంది జాబితా ఆఫీసు చేతిలో ఉంటుంది, అందులోంచి ఆ రోజు డగౌట్‌లో కూర్చునేది 26 మంది. 13 మందికి మించి పిచర్లు ఉండకూడదు. మేనేజర్‌కి ఉన్న సరుకు అంతే.

మిల్వాకీ_చలి
ఈ ప్రశ్నకి ఎవరో ప్రయోగం చేసినట్టు మా ఊళ్లోనే జవాబు దొరికింది. చెప్తాను.

క్రెయిగ్ కౌన్సెల్ మా పక్క ఊరు వైట్‌ఫిష్ బే కుర్రాడు. 2015 నుంచి మా మిల్వాకీ జట్టు బ్రూవర్స్‌కి మేనేజర్. డబ్బు లేని జట్టుని ఏడాదేడాది ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లేవాడు. 2023 నవంబరులో చికాగో కబ్స్ వాళ్లు 5 ఏళ్లకి 40 మిలియన్ డాలర్ల పైన ఇచ్చి తీసుకెళ్లిపోయారు. అప్పటిదాకా ఏ మేనేజర్‌కీ అంత ఇవ్వలేదు. వాళ్ల మేనేజర్ డేవిడ్ రాస్‌ని అప్పటికప్పుడు తీసేశారు. ఇక్కడ ఎంత బాధపడ్డామో మాటల్లో చెప్పలేను. మా ఆఫీసులో ఒకాయన కౌన్సెల్ బొమ్మ ఉన్న కప్పుని పారెయ్యలేక, దాంట్లో తాగలేక, అలమారు పైన బోర్లించి పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

పైగా మూడు నెలలు తిరక్కుండా మా నంబర్ వన్ పిచర్ కార్బిన్ బర్న్స్‌ని బాల్టిమోర్‌కి ఇచ్చేశారు. బదులుగా జోయి ఓర్టిజ్, డీఎల్ హాల్ అనే కుర్రాళ్లు వచ్చారు. అందరూ మేం మునిగిపోయాం అన్నారు.

కౌన్సెల్ కింద బెంచ్ కోచ్‌గా (మేనేజర్‌కి సహాయకుడిగా) ఉన్న ప్యాట్ మర్ఫీని మేనేజర్ చేశారు. నోటర్ డేమ్ యూనివర్సిటీలో కౌన్సెల్ చదువుకునేటప్పుడు అతనికి కోచ్ ఈ మర్ఫీయే. శిష్యుడి కింద ఎనిమిదేళ్లు పనిచేసిన గురువు.

2023లో కౌన్సెల్‌తో మేం 92 గెలిచాం. 2024లో మర్ఫీతో 93. కబ్స్ 2023లో రాస్‌తో 83-79. 2024లో కౌన్సెల్‌తో 83-79. ఒక్క గెలుపు అటూ ఇటూ కాలేదు. 2025లో మేం 97 గెలిచి మొత్తం లీగ్‌లో మొదటి స్థానం, కబ్స్ 92. ప్లేఆఫ్స్‌లో కబ్స్‌నే ఐదో మ్యాచ్‌లో ఇంటికి పంపాం. మర్ఫీకి వరుసగా రెండేళ్లు మేనేజర్ ఆఫ్ ది ఇయర్.

లెక్కల_మాస్టారు
> 2023లో కబ్స్ 83-79, 2024లో 83-79

దీనికి మించి నేను చెప్పేది ఏముంది! 40 మిలియన్లు మేనేజర్ మీద పెట్టే బదులు ఒక మంచి పిచర్ మీద పెట్టుంటే పోయేది.

మిల్వాకీ_చలి
మాస్టారూ, అక్కడే నాకు మీతో పేచీ. మేనేజర్ వల్ల ఏమీ కాదని దీన్ని బట్టి తేలదు. మర్ఫీ కూడా గొప్ప మేనేజర్ అయ్యుండొచ్చు కదా? ఎనిమిదేళ్లు డగౌట్‌లో పక్కనే ఉన్నాడు, ఏ కుర్రాడికి ఏ మాట చెప్తే ఎక్కుతుందో ఆయనకి తెలుసు. మా జట్టులో పేరున్న ఆటగాళ్లు తక్కువ. డెవిన్ విలియమ్స్‌ని యాంకీస్‌కి ఇచ్చి తెచ్చుకున్న కేలెబ్ డర్బిన్ లాంటివాళ్లతో 97 గెలవడం ఆఫీసు ఒక్కటే చేసే పని కాదు.

లెక్కల_మాస్టారు
సరే, ఇంకో పక్కనుంచి వస్తాను. చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగించండి. వచ్చింది గెలుపుల శాతానికి దగ్గరగా ఉంటుంది. బేస్‌బాల్ గణాంకాల పండితుడు బిల్ జేమ్స్ పద్ధతి.

2023 శాన్ డియేగో పాడ్రేస్: చేసినవి 752, ఇచ్చినవి 648. లెక్క కడితే 93 గెలుపులు రావాలి. వచ్చినవి 82. ఒక్క పరుగు తేడాతో ముగిసిన మ్యాచ్‌ల్లో 9-23, అదనపు ఇన్నింగ్స్‌కి వెళ్లినవాటిలో 2-12. మేనేజర్ బాబ్ మెల్విన్‌ని అందరూ తిట్టారు.

2012 బాల్టిమోర్ ఓరియోల్స్: 712 చేసి 705 ఇచ్చారు. 82 రావాలి, 93 వచ్చాయి. ఒక్క పరుగు మ్యాచ్‌ల్లో 29-9. బక్ షోవాల్టర్‌ని అందరూ నెత్తిన పెట్టుకున్నారు, దగ్గర మ్యాచ్‌లు గెలిచే కిటుకు ఆయన చేతిలో ఉందన్నారు. మరుసటి ఏడాది అదే షోవాల్టర్, అదే క్లోజర్ (చివరి ఇన్నింగ్స్ వేసే పిచర్) జిమ్ జాన్సన్. 2012లో 51 సేవ్‌లు (చివర్లో కాపాడిన గెలుపులు), 2013లో 50. కానీ ఒక్క పరుగు మ్యాచ్‌ల్లో 20-31. ఆ కిటుకు ఒక్క చలికాలంలో ఎక్కడికి పోయింది?

ఇదే షోవాల్టర్ 2022లో మెట్స్‌తో 101 గెలిచి మేనేజర్ ఆఫ్ ది ఇయర్ అయ్యారు. 2023లో అప్పటికి చరిత్రలోనే అతి ఖరీదైన జట్టుతో 75 గెలిచారు, ఉద్యోగం పోయింది.

బుల్‌పెన్_బాబాయ్
వచ్చాను. మాస్టారి లెక్కతో నాకు తగాదా లేదు. ఆరు నెలల సీజన్‌లో మేనేజర్ పెద్దగా కనపడడు. అక్టోబరు వేరే లోకం.

2003, యాంకీ స్టేడియం, యాంకీస్‌కీ బోస్టన్‌కీ మధ్య లీగ్ ఫైనల్ (గెలిస్తే వరల్డ్ సిరీస్‌కి) ఏడో మ్యాచ్. నేను ఎడిసన్‌లో స్నేహితుడింట్లో కింద కూర్చుని చూస్తున్నాను. బోస్టన్ 5-2 ముందుంది, 8వ ఇన్నింగ్స్, వాళ్ల పిచర్ పెడ్రో మార్టినెజ్ అలిసిపోయాడని టీవీలోనే తెలుస్తోంది. జీటర్ డబుల్ (ఒక్క దెబ్బకి రెండో బేస్ దాకా). బెర్నీ సింగిల్ (మొదటి బేస్ దాకా). బోస్టన్ మేనేజర్ గ్రేడీ లిటిల్ మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) దగ్గరికి వెళ్లాడు. మాట్లాడాడు. తియ్యకుండా తిరిగొచ్చాడు. మత్సుయి డబుల్, పొసాడా డబుల్, 5-5. 11వ ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ హోమ్ రన్. నేను యాంకీస్ అభిమానిని, ఎగిరి గంతులేశాను. కానీ లిటిల్ వెనక్కి నడిచొచ్చిన ఆ నడక నాకింకా కళ్ల ముందుంది. ఆయన ఉద్యోగం ఆ నెలలోనే పోయింది.

ఇప్పుడు 2004. ఇది మా వైపు వాళ్లకి గాయం, అయినా చెప్తాను. జులై 31, జట్లు ఆటగాళ్లని మార్చుకునే ట్రేడ్ గడువు చివరి రోజు. బోస్టన్ జీఎం థియో ఎప్‌స్టైన్ ఊరంతా ప్రేమించే నోమార్ గార్సియాపారాని పంపించేశాడు. పేపర్లన్నీ దాని గురించే. అదే రోజు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ దగ్గర్నుంచి డేవ్ రాబర్ట్స్ అనే ఆటగాణ్ణి కూడా తెచ్చాడు, ఎవరూ పట్టించుకోలేదు. పెద్ద బ్యాట్స్‌మన్ కాదు, కాళ్లు వేగం.

అక్టోబరు 17, మళ్లీ బోస్టన్‌తోనే లీగ్ ఫైనల్. మేం మూడు మ్యాచ్‌లు గెలిచి నాలుగోదాంట్లో 4-3తో ముందున్నాం, 9వ ఇన్నింగ్స్, బౌలింగ్ వేసేది రివేరా. కెవిన్ మిల్లార్‌కి నడక ఇచ్చాడు, అంటే నాలుగు చెడ్డ బంతులు వేసి ఊరికే ఫస్ట్ బేస్ ఇచ్చేశాడు. బోస్టన్ కొత్త మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా అతని బదులు రాబర్ట్స్‌ని పరిగెత్తడానికి పంపాడు. స్టేడియంలో ప్రతి ఒక్కరికీ తెలుసు వాడు బేస్ దొంగిలిస్తాడని, అంటే పిచర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కి పరిగెత్తుతాడని. రివేరా మూడుసార్లు ఫస్ట్ బేస్‌కి విసిరాడు. తర్వాత మొదటి బంతికే వాడు పరిగెత్తాడు, చెయ్యి ముందు తగిలింది. ముల్లర్ సింగిల్, స్కోరు సమం. ఆ మ్యాచ్ పోయింది, తర్వాతి మూడూ పోయాయి. ఆ అక్టోబరు మొత్తంలో రాబర్ట్స్ ఒక్కసారి కూడా బ్యాట్ పట్టి నిలబడలేదు.

మరి ఆ పరుగు ఎవరిది మాస్టారూ? జులైలో తెచ్చినవాడిదా, అక్టోబరులో పంపినవాడిదా? నన్నడిగితే విడదియ్యలేం. వాణ్ణి తేకపోతే పంపడానికి మనిషే లేడు. తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి మర్చిపోతే తెచ్చిన లాభం లేదు.

ఓరుగల్లు_పిలగాడు
బాబాయ్, గా డేవ్ రాబర్ట్స్ ఇప్పుడు డాడ్జర్స్ మేనేజర్ కదా? గాయనేనా?

బుల్‌పెన్_బాబాయ్
ఆయనే. 2016 నుంచి ఉన్నాడు, 2020, 2024, 2025లో కప్పులు.

తెనాలి_టు_డల్లాస్
కానీ ఓటానీకి 700 మిలియన్లు, యమమోటోకి 325 మిలియన్లు ఇచ్చిన జట్టు అది. అక్కడ మేనేజర్‌ని ఎలా తూచేది?

బేఏరియా_అక్క
మేం శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ వాళ్లం, డాడ్జర్స్ పేరెత్తితేనే మా ఇంట్లో టీవీ ఆపేస్తారు. అయినా న్యాయంగా మాట్లాడాలి. 2025 నవంబరు 1, టొరంటోలో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ గుర్తుంది కదా? రాబర్ట్స్ ఆరో మ్యాచ్ నుంచీ మిగెల్ రోహాస్‌ని సెకండ్ బేస్‌లో పెట్టాడు. ఫీల్డింగ్ కోసం. 9వ ఇన్నింగ్స్‌లో ఒక పరుగు వెనకబడి ఉండగా ఆ రోహాసే హోమ్ రన్ కొట్టి సమం చేశాడు. ఇది అదృష్టమని మాస్టారు అంటారు, నేనూ ఒప్పుకుంటాను. హోమ్ రన్ కొడతాడని అతన్ని పెట్టలేదు.

దాని తర్వాతి అరగంట చూడండి. అదే ఇన్నింగ్స్ రెండో సగం, టొరంటోకి ఒక్క పరుగు వస్తే కప్పు. బేస్‌లు మూడూ నిండాయి, ఒక్కరే అవుట్. రాబర్ట్స్ ఆట ఆపించి సెంటర్ ఫీల్డ్‌లోంచి ఎడ్మన్‌ని తీసి ఆండీ పాహెస్‌ని పెట్టాడు. పాహెస్ ఆ సిరీస్‌లో కొట్టలేక బెంచీ ఎక్కినవాడు, కానీ చెయ్యి బలం, కాళ్ల వేగం ఉన్నాయి. వార్షో నేల బంతి కొట్టాడు, రోహాస్ తడబడుతూనే హోమ్‌కి విసిరాడు, వెంట్రుకవాసిలో అవుట్. తర్వాత క్లెమెంట్ లెఫ్ట్ సెంటర్‌లోకి లోతుగా కొట్టాడు. పాహెస్ ఎక్కడి నుంచి పరిగెత్తుకొచ్చాడో, తోటి ఫీల్డర్ కీకే హెర్నాండెజ్ మీదుగా ఎగిరి పట్టాడు, హెర్నాండెజ్ కింద పడిపోయాడు. 11వ ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ హోమ్ రన్, 5-4.

డబ్బుతో ఓటానీని కొన్నారు, నిజమే. ఆ క్యాచ్ మాత్రం, ఆ నిమిషంలో బెంచీ మీద ఎవరున్నారో గుర్తుంచుకున్న మనిషిది.

లెక్కల_మాస్టారు
ఒప్పుకున్నాను అక్కా. ఆ ఒక్క మార్పుకి నా దగ్గర లెక్క లేదు. అయితే లెక్కని నమ్మి దెబ్బతిన్నవాళ్లనీ చూడాలి కదా. 2020 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్, డాడ్జర్స్ మీద టాంపా పిచర్ బ్లేక్ స్నెల్. 73 బంతులు, 2 హిట్లు, 9 మంది స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులతో అవుట్), ఒక్క నడక లేదు. టాంపా 1-0 ముందుంది. మేనేజర్ కెవిన్ క్యాష్ తీసేశాడు. తర్వాత రావాల్సిన డాడ్జర్స్ బ్యాటర్లు బెట్స్, సీగర్, టర్నర్ ముగ్గురూ ఆ రాత్రి స్నెల్ చేతిలో ఆరుకి ఆరుసార్లూ స్ట్రైకవుట్ అయినవాళ్లు. నిక్ ఆండర్సన్ వచ్చాడు, బెట్స్ డబుల్ కొట్టాడు, చూస్తుండగానే డాడ్జర్స్ 2-1 ముందుకెళ్లారు, చివరికి 3-1తో గెలిచారు.

అయినా క్యాష్‌ది పిచ్చి నిర్ణయం కాదని నా వాదన. ఒకే పిచర్‌ని మూడోసారి ఎదుర్కొనేటప్పుడు బ్యాటర్లు బాగా కొడతారు, ఇది ఏళ్ల తరబడి రుజువైంది. స్నెల్ ఆ సీజన్‌లో ఒక్కసారి కూడా ఆరు ఇన్నింగ్స్ పూర్తి చెయ్యలేదు. పేదజట్టు టాంపా ఫైనల్‌కి వచ్చిందే ఆ పద్ధతితో.

బేఏరియా_అక్క
మాస్టారూ, స్నెల్‌ని తియ్యడం తప్పని నేననను. తీసి ఎవరి చేతికి బంతి ఇచ్చాడు? ఆ మ్యాచ్‌తో కలిపి ఆండర్సన్ ప్లేఆఫ్స్‌లో వరుసగా ఏడుసార్లు పరుగు ఇచ్చాడు. అలిసిపోయిన చెయ్యి అది. సగటు లెక్క సీజన్ మొత్తానిది, ఆ చెయ్యి ఆ రాత్రిది.

2014 వరల్డ్ సిరీస్‌లో, అప్పటి మా జెయింట్స్ మేనేజర్ బోచీ చేసింది గుర్తు చేసుకోండి. మా పిచర్ బంగార్నర్ ఐదో మ్యాచ్‌లో 117 బంతులు వేశాడు. మధ్యలో రెండు రోజులే విశ్రాంతి. ఏడో మ్యాచ్ 5వ ఇన్నింగ్స్‌లో దింపి, చివరిదాకా అతన్నే ఉంచాడు. ఐదు ఇన్నింగ్స్, 68 బంతులు, ఒక్క పరుగు రాలేదు, 3-2. ఏ పుస్తకమూ అలా చెయ్యమని చెప్పదు. అతని కళ్లు చూసి చేశాడు.

ఇది నాకెందుకు ఇంతగా పట్టిందంటే, నేను మా అబ్బాయి జట్టుకి అసిస్టెంట్ కోచ్‌ని. 12 ఏళ్ల లోపు పిల్లలు. రూలు ప్రకారం ఆ వయసు పిల్లాడు రోజుకి 85 బంతులు దాటకూడదు, 66 వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. బంతులు లెక్కపెట్టే చిన్న క్లిక్కర్ నా చేతిలోనే ఉంటుంది. పోయిన ఏడాది ఒక మ్యాచ్‌లో మా పిచర్ కుర్రాడు 63 దగ్గర ఉన్నాడు, రెండు పరుగులు ముందున్నాం. వాడి తాతగారు ఇండియా నుంచి మొదటిసారి చూడ్డానికొచ్చి, ఎండలో తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్నారు. వాడు ప్రతి బంతి తర్వాతా భుజం ఒకసారి తిప్పుతున్నాడు. నాకు కనపడింది. హెడ్ కోచ్‌కి చెప్పలేదు. ఇంకొక్కడే కదా అనుకున్నాను. 71 దాకా వేశాడు, వరుసగా మూడు హిట్లు, ఓడిపోయాం. ఓడినందుకు కాదు నా బాధ. మర్నాడు వాళ్లమ్మ ఫోన్ చేసి, వాడు చెయ్యెత్తి తల దువ్వుకోలేకపోతున్నాడు అంది.

అప్పట్నుంచి డగౌట్ మెట్లెక్కి మౌండ్ వైపు నడిచే ప్రతి మేనేజర్ని చూస్తే, వేరేగా చూస్తున్నాను.

మిల్వాకీ_చలి
అక్కా, చదువుతుంటే గొంతు పట్టేసింది. వాడికిప్పుడు బాగుందా?

బుల్‌పెన్_బాబాయ్
అమ్మాయ్, నువ్వు చెప్పినదే అసలు పని. జనం చూసేది అక్టోబరులో తీసిన పిచర్ని. మంచి మేనేజర్ మే నెలలో, 5-1తో ముందున్న మంగళవారం మ్యాచ్‌లో, నిన్న వేసినవాడికి ఈరోజు బంతి ఇవ్వడు. ఆ మ్యాచ్ ఒక్కోసారి పోతుంది కూడా. ఆ చేతులే సెప్టెంబరుకి మిగులుతాయి. ఇక్కడా ఆఫీసుతో చెయ్యి కలవాలి. ఒక ఆటగాణ్ణి ఏడాదికి ఐదుసార్లకి మించి మైనర్ లీగ్‌కి పంపడానికి వీల్లేదని 2022 నుంచి రూలు. అలిసినవాణ్ణి పంపి తాజా చెయ్యి తెచ్చుకునే వెసులుబాటు తగ్గింది. రోస్టర్ చివరి ముగ్గురు ఎవరన్నది ఇప్పుడు పెద్ద ప్రశ్న.

ఫిలడెల్ఫియా సంగతి ఒకటి మాస్టారు తేల్చాలి. 2022లో జో జిరార్డీ కింద 22-29. జూన్‌లో తీసేశారు. రాబ్ థామ్సన్ కింద 65-46, వరల్డ్ సిరీస్ దాకా వెళ్లారు. దాదాపు అదే జట్టు.

లెక్కల_మాస్టారు
నెమ్మదిగా మొదలైన మంచి జట్టు, ఎవరున్నా లేచేది అని నా మొదటి జవాబు. అయితే నా లెక్కలో లేనిది ఒకటుంది. కొత్త కుర్రాణ్ణి రెండుసార్లు విఫలమైనా మళ్లీ ఆడించాలా, బెంచీ మీద కూర్చోబెట్టాలా అన్నది మేనేజరే తేలుస్తాడు. తర్వాత ఆ కుర్రాడు కొట్టిన పరుగులన్నీ మేం ఆటగాడి ఖాతాలో రాస్తాం, ఆడించినవాడి ఖాతాలో ఏమీ రాయం. అందుకే మేనేజర్ వాటా తక్కువ అన్న నా మాటని కొంచెం దిద్దుకుంటాను. తక్కువ అని రుజువు కాలేదు, విడదీసి చూపించడం మా చేత కావట్లేదు.

తెనాలి_టు_డల్లాస్
మీ అందరికీ దండాలు. 2023కి నా జవాబు దొరికినట్టే ఉంది. సీగర్, సీమియన్‌లని ఆఫీసు ముందే కొన్నది. పిచర్ డీగ్రామ్ ఆరు మ్యాచ్‌లకే మోచెయ్యి ఆపరేషన్‌కి వెళ్తే, ట్రేడ్ గడువు ముందు పిచర్లు షర్జర్‌నీ జోర్డన్ మాంట్‌గమరీనీ తెచ్చింది. వాళ్లని ప్లేఆఫ్స్‌లో ఎప్పుడు వాడాలో బోచీ చూసుకున్నారు. బయటి ఊళ్లలో ఆడిన 11 ప్లేఆఫ్ మ్యాచ్‌లూ గెలిచాం. ఆయన్ని విశ్రాంతి నుంచి పిలిచి తెచ్చిన జీఎం క్రిస్ యంగ్ ఒకప్పుడు పాడ్రేస్‌లో ఆయన కింద పిచర్. మేనేజర్‌ని ఎంచుకోవడం కూడా రోస్టర్ నిర్ణయమే అనిపిస్తోంది.

బోచీ తర్వాత మేనేజర్‌గా స్కిప్ షూమేకర్ వచ్చారు. బాబాయ్ చెప్పినట్టు మే నెల మంగళవారాలు చూస్తాను. ఏ రిలీవర్ (మధ్యలో దిగే పిచర్) ఏ రోజు ఎన్ని బంతులు వేశాడో పుస్తకంలో రాసిపెట్టి, ఆగస్టులో ఇక్కడే పెడతాను.

ఓరుగల్లు_పిలగాడు
అక్కా, మిల్వాకీ అన్న అడిగిండు, నువ్వు చెప్పలే. గా పిలగాడు ఆడుతుండా మళ్ల?

బేఏరియా_అక్క
ఆడుతున్నాడు తమ్ముడూ. ఆరు వారాలు విశ్రాంతి తీసుకున్నాడు. ఇప్పుడు ఫస్ట్ బేస్‌లో నిలబెడుతున్నాం, పిచింగ్‌కి నెలకొకసారి, 40 బంతులు. మొన్న శనివారం 38 దగ్గర నేనే మౌండ్ దగ్గరికి నడిచాను. నేను అడక్కముందే బంతి నా చేతిలో పెట్టేసి, ఫస్ట్ బేస్ వైపు పరిగెత్తాడు.